పరీక్షకు పెట్టిన చెయ్యి

పెద్దింట్లమ్మ మొగుడి ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తెరుస్తోంది. మణికట్టు కింద తన మోకాలు ఆనించి, చూపుడువేలిని మొదట్లో పట్టుకుని నెమ్మదిగా పైకి ఎత్తాలి. పది లెక్కపెట్టి వదలాలి. వదలగానే చెయ్యి నీళ్లు లేని తోటకూర కాడలా వాలిపోతుంది. మళ్లీ ఎత్తాలి. ఒక్కో వేలికి ఇరవై సార్లు.

"అబ్బ! మెల్లిగానే. అదేమన్నా రొయ్యా, తల తుంచడానికి?" అన్నాడు నాగబాబు.

"రొయ్యయితే ఈపాటికి బుట్ట నింపేదాన్ని. నోర్మూసుకుని లెక్కపెట్టు మావా."

వాళ్లు కూర్చున్నది గుడివాడ అవతల పొలాల మధ్య లేచిన ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, ఎముకల విభాగం వరండా చివర. వెనక తాళం వేసిన తలుపు, తలుపు మీద నీలం రంగు బోర్డు. 'ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్' అని తెలుగులోనే రాశారు. అయిదో తరగతి చదివిన పెద్దింట్లమ్మ వచ్చిన మొదటిరోజే దాన్ని కూడబలుక్కుని చదివింది గాని అర్థం కాలేదు.

"పడిపోయిన కాళ్లూ చేతులూ మళ్లీ పనికొచ్చేలా చేసే చోటమ్మా," అని చెప్పాడు అటెండరు దైవాధీనం. "తెల్లారితే ఇన్‌స్పెక్షన్ అనగా రాత్రికి రాత్రి రాయించారు. లోపల చూస్తే విరిగిన మంచాలు, సెలైన్ డబ్బాలు."

ఆ విభాగం మొత్తానికి ఉన్న మనిషి ఫిజియోథెరపిస్టు సునీత ఒక్కతే. పొద్దున ఎనిమిదింటికి కాలేజీ కారు ఆమెను చైర్మన్ గారింటికి తీసుకుపోతుంది. చైర్మన్ గారి అత్తగారికి మోకాళ్ల నొప్పులు. వేడి కాపడం, కరెంటు కాపడం, తర్వాత కాఫీ, అత్తగారి కబుర్లు. సునీత ఆసుపత్రికి వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. అప్పటిదాకా ఈ వరండాలో కాళ్లీడ్చేవాళ్లూ చేతులు వేలాడేవాళ్లూ గోడకానుకుని కూర్చుంటారు.

ఆ రోజు సునీత వస్తూనే సంచిలోంచి ఒక ప్లాస్టిక్ పైపు ముక్క తీసింది. నిలువునా కోసి, స్టవ్వు మీద కాచి, మెత్తబడ్డాక నాగబాబు చేతి కొలతకు వంచి తెచ్చింది. లోపల స్పాంజి అతికించింది. అరచేతి కింద నుంచి ముంజేతి సగం దాకా పట్టే బద్ద అది. పెట్టేసరికి వాలిన చెయ్యి లేచి నిలబడింది.

"ఇలాంటివి ఆసుపత్రిలో ఉండాలి. లేవు," అంది సునీత. "అత్తా, బోటులో వల లాగే వించి తాడు కొట్టి ఎముక విరిగినప్పుడు దాన్నానుకుని ఉన్న నరం దెబ్బతింది. ఎముక అతికించారు. నరం రోజుకు ఆవగింజంత కూడా పెరగదు. అది వేళ్లదాకా వచ్చేలోపు కీళ్లు బిగుసుకుపోయాయనుకో, నరం వచ్చీ లాభం లేదు. అందుకే ఈ బద్ద. అందుకే వేళ్లు తెరవడం. ఒక్కరోజు కూడా మానకూడదు."

పెద్దింట్లమ్మ బద్దను నైలాన్ వలతాడుతో కట్టింది. కట్టి, కొంగు మూటలోంచి జానెడు వలముక్క తీసి మొగుడి చేతిలో పెట్టింది. నాగబాబు దానివైపు కాసేపు చూశాడు. చూపుడువేలూ నడిమివేలూ కదిలాయి. వలకన్ను ఆ రెండు వేళ్ల మీదికి ఎక్కింది, నిలిచింది. ఫిబ్రవరిలో దెబ్బ తగిలాక అతని చేతిలో వల నిలవడం అదే మొదలు. అతను కుడిచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

ఆపరేషన్ చేసినప్పుడు డాక్టర్లంతా ఒకటే మాట అన్నారు. ఎడమచెయ్యే కదా, అదృష్టవంతుడివి, అన్నారు. వల కుట్టేవాడికి కుడిచెయ్యి చేసే పని నూలు చుట్టిన పుల్లను తోయడం. కన్ను తెరిచిపట్టేది ఎడమచెయ్యి, కొలత చూసేది ఎడమచెయ్యి, ముడి జారకుండా బొటనవేలితో నొక్కిపట్టేది ఎడమచెయ్యి. ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడు.

సముద్రంలో చేపల వేట మీద నిషేధం నడుస్తోంది. జూన్ ఒకటిన బోట్లు దిగుతాయి. ఈలోపు బందరు పక్కన గిలకలదిండి రేవులో కలాసీలంతా వలలు బాగుచేస్తున్నారు. బోటు ఓనరు వెంకటపతి పదిమందిలో చెప్పేశాడు. "బోటు దిగేనాటికి వల పట్టాడా, నాగబాబు చోటు నాగబాబుదే. లేదంటే హంసలదీవి నుంచి మనిషిని తెచ్చుకుంటాను. నన్ను తిట్టుకోవద్దు." ఒకసారి బోటులో వేరేవాడు కాలు పెడితే ఇక ఆ చోటు వాడిదే.

బద్ద కట్టి గంట కాలేదు, ప్రొఫెసరు జగన్మోహనరావు గారు రౌండ్లకు వచ్చారు. వెనక పదిమంది తెల్లకోట్లు. నాగబాబు దగ్గర ఆగారు.

"ఎవరు కట్టారిది?"

సునీత లేచి నిలబడింది. "నేనేనండీ. కాక్-అప్ స్ప్లింటు..."

"నిన్నెవరు కట్టమన్నారు? నా పేషెంటుకి నాకు చెప్పకుండా నువ్వు కడతావా? నువ్వేమన్నా డాక్టరువా?" ఆయన కళ్లతో సైగ చేశాడు. వెనకనున్న కుర్ర డాక్టరు షాబాజ్ ముందుకొచ్చి ముడి విప్పబోయాడు. రాలేదు. కత్తెర తెప్పించి తాడు కోశాడు. చెయ్యి వాలింది.

"చూడండి," అన్నాడు ప్రొఫెసరు కుర్రాళ్లతో. గొంతులో మెచ్చుకోలు. "ఇంత చక్కటి రిస్ట్ డ్రాప్ ఈ ఏడు రాలేదు మనకి." తర్వాత పెద్దింట్లమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, నీ మొగుణ్ణి పరీక్షకి పెడుతున్నాను. మే ఆరో తారీకు. బయటి నుంచి పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చి చూస్తారు. అప్పటిదాకా వార్డులో ఉండండి, తిండి మాదే. ఈ బద్దలూ గిద్దలూ వద్దు, తోమడాలూ లాగడాలూ వద్దు. చెయ్యి ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి. తెలిసిందా?"

"తెలిసిందండీ. తమ దయండీ," అంది పెద్దింట్లమ్మ. సంతోషంతో ఆమెకు మాట తడబడింది.

*

గిలకలదిండి చేపల వేలంపాటలో మంచి టైగరు రొయ్యను కుప్పలో కలపరు. వేరుగా ఐసు మీద పరిచి, గోనె కప్పి, బయటి ఏజెంటు వచ్చేదాకా కాపలా కాస్తారు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరు. పక్కన పెట్టారంటే దానికి విలువ కట్టారనే అర్థం. పదిహేనేళ్లుగా ఆ రేవులో చేపలమ్ముతున్న పెద్దింట్లమ్మకు ప్రొఫెసరు గారి మాట వేరే విధంగా వినిపించే వీలు లేదు. ఇంతమంది చేతుల్లో మా ఆయన చెయ్యి పక్కన పెట్టారు. బయటివాళ్లు వస్తారు, చూస్తారు, బాగుచేస్తారు.

ఎస్టీడీ బూత్ నుంచి రేవు టీకొట్టుకు ఫోన్ చేసింది. "వెంకటపతి మావయ్యకి చెప్పండి. మా ఆయన్ని పరీక్షకి తీసుకున్నారు. మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి పెద్ద డాక్టర్లు వస్తన్నారంట!"

చేతి మీద తడి తువ్వాలు కప్పి ఉంచేది. నాగబాబు అలవాటుగా కుడిచేత్తో వేళ్లు తెరవబోతే కసిరేది. "ముట్టుకోకన్నారా లేదా? ఏం మనిషివి మావా!"

"బిగుస్తున్నట్టుందే."

"ఆరో తారీకు దాకా బిగిస్తే బిగిసింది. వాళ్లొచ్చి తీస్తారు."

మూడో రోజు మధ్యాహ్నం సునీత వార్డులోకి వచ్చింది. మంచం పక్కన నిలబడి, ఒకసారి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది. "అత్తా, దుప్పటి కిందయినా వేళ్లు తెరువు. ఎవరికీ తెలియదు."

"నీకెందుకమ్మా అంత బాధ? పెద్దాయన వద్దన్నారుగా."

"ఆయన హెడ్డు, నేనేం అనలేను. కానీ చెయ్యి..."

"ఏం, నువ్వు కట్టింది తీసేశారని ఉక్రోషమా?" పెద్దింట్లమ్మ గొంతు తగ్గించలేదు. పక్క మంచాలవాళ్లు తలలెత్తారు. "పొద్దున్నే కారెక్కి గొప్పోళ్ల మోకాళ్లు పిసకడానికి పోతావు. మిట్టమధ్యానానికి వచ్చి మాకు నీతులు చెబుతావా? పో తల్లీ, పో."

సునీత మొహం ఎర్రబడింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

రోజూ సాయంత్రం పరీక్షకు వెళ్లే డాక్టర్లు వచ్చి నాగబాబు మీద సాధన చేసుకునేవారు. అందరిలోకీ షాబాజ్ మర్యాదస్తుడు. బందరు కుర్రాడే. "బాబాయ్, చెయ్యి ముందుకు చాపు. పైకెత్తు. ఎత్తలేవా? సరే." తర్వాత గడగడా ఇంగ్లీషు. ఒకరు ఎత్తి వదిలితే చెయ్యి వాలుతుంది. ఇంకొకరు ఎత్తి వదులుతారు. దూది పెట్టి తెలుస్తోందా అంటారు, సూది పెట్టి తెలుస్తోందా అంటారు. ఒకరోజు ఒక కుర్రాడు వదిలిన చెయ్యి మంచం కమ్మీకి ఠంగుమని తగిలింది. "సారీ పెద్దాయనా," అంటూనే వాడు నవ్వాడు. నాగబాబు కూడా వాళ్లతో పాటు నవ్వాడు. అది చూసి పెద్దింట్లమ్మకు ఎక్కడో కాలింది. అయినా ఓర్చుకుంది.

మే మూడున షాబాజ్ ఒక్కడే వచ్చాడు. సాధన అయ్యాక ఆమె బతిమాలే గొంతుతో అడిగింది.

"బాబూ, పరీక్ష అయిపోయాక ఆ పెద్ద డాక్టర్లు చేతికి ఏం చేస్తారు? మళ్లీ కోస్తారా?"

"ఏ డాక్టర్లు?"

"అదే, మద్రాసు నుంచి వచ్చేవాళ్లు."

"వాళ్లా? వాళ్లు మాకు మార్కులేసి సాయంత్రం రైలెక్కుతారమ్మా."

"మరి మా ఆయనకి?"

"డిశ్చార్జి. అక్టోబరులో మళ్లీ పరీక్షలుంటాయి, కబురు పెడతారు." పుస్తకం సంచిలో పెట్టుకుంటూ అన్నాడు. "అప్పటికి చెయ్యి ఇలాగే ఉంటే."

అతను ఆ మాట చెడ్డ బుద్ధితో అనలేదు. అందుకే అది ఆమెకు మరీ లోతుగా దిగింది.

"ఇది బాగయ్యేదెలాగో మీకు చెప్పరా బాబూ? ఇన్నేళ్ల చదువులో?"

"అది ఫిజియో వాళ్ల పనమ్మా. మాకు పుస్తకం చివర నాలుగు పేజీలుంటుంది. పరీక్షలో అడగరు."

అతను వెళ్లాక ఆమె తువ్వాలు తీసింది. మణికట్టు కింద మోకాలు ఆనించి చూపుడువేలు ఎత్తింది. సగంలో ఆగిపోయింది. తుప్పు పట్టిన తలుపు బందులా ఆగిపోయింది. నడిమివేలు ఇంకా ముందే ఆగింది. ఇంకొంచెం ఎత్తితే నాగబాబు పళ్లు బిగించాడు. ఆమె లెక్కపెట్టింది. ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ కాపలా కాసింది తనే. అతను తెరుచుకోబోతే కసిరిందీ తనే.

"ఏడుస్తున్నావా?" అన్నాడు నాగబాబు.

"ఎవడికోసం?" అంది. నాలుగు వేళ్లూ ఇరవై సార్లు పూర్తయ్యేదాకా తలెత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దింట్లమ్మ వరండా చివరికి వెళ్లి సునీత ముందు నిలబడింది. బద్ద దైవాధీనం బల్లకింద దొరికింది. దాన్ని ముందుకు చాపి, "వేళ్లు బిగిశాయి. ఇది ఆనడం లేదు. మళ్లీ కాచాలి," అంది. క్షమించమని అనలేదు. సునీత అడగనూ లేదు. దైవాధీనం టీ కాచుకునే స్టవ్వు వెలిగించింది.

*

ఆరో తారీకు పొద్దున ఎనిమిదిన్నర. వార్డు కడిగారు, కొత్త దుప్పట్లు పరిచారు. ప్రొఫెసరు గారి గదిలో బయటి డాక్టర్లు ఇడ్లీలు తింటున్నారు. నాగబాబు మంచం మీద గడ్డం గీసుకుని తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఎడమచేతికి బద్ద. నైలాన్ తాడు తడిపి కట్టిన ముడులు తొమ్మిది.

చూసి సిస్టరు కేకేసింది. తర్వాత షాబాజ్ పరుగెత్తుకొచ్చాడు. తర్వాత జగన్మోహనరావు గారే వచ్చారు.

"ఏంటిది? తియ్యి!"

"తియ్యనండీ," అంది పెద్దింట్లమ్మ.

"కత్తెర తీసుకురండి."

నాగబాబు బద్దతో సహా చేతిని చంకలోకి లాక్కున్నాడు. "నేను చెయ్యి చాపనండి," అన్నాడు. 

"ఎంత పొగరు! చేపల గంపలు మోసుకునేవాళ్లకి మంచమిచ్చి, తిండి పెట్టి... ఇప్పుడే డిశ్చార్జి రాసి గెంటిస్తాను."

"రాయండి. తొమ్మిదిన్నరకి బందరు బస్సుంది." ఆమె మంచం కిందనుంచి సంచి లాగింది. "వచ్చినోళ్లకి ఇంకో చెయ్యి చూపించుకోండి."

ప్రొఫెసరు షాబాజ్ వైపు చూశాడు. షాబాజ్ నేలవైపు చూశాడు. "ఇంకో రిస్ట్ డ్రాప్ లేదు సార్. కేసుల జాబితా ఎగ్జామినర్లకి ఇచ్చేశాం," అన్నాడు సన్నగా.

 ప్రొఫెసరు ఒక అడుగు ముందుకేశాడు. గొంతు మార్చాడు. "నీకేం కావాలమ్మా? డబ్బుల కవరేదో ఇస్తాంలే. కేసులవాళ్లందరికీ ఇస్తాం."

"కవరు వద్దండి. రాసివ్వండి. రోజూ పొద్దున తొమ్మిది నుంచి పదిదాకా ఆ బోర్డు పెట్టిన గది తెరిచి ఈ చేతికి వేళ్లు తెరిపించాలని. బద్ద ఎవరూ తియ్యకూడదని. కింద మీ పేరు."

"సరే, కేస్‌షీట్లో రాస్తాను."

"తెలుగులో రాయండి. నేను చదువుకోవాలి."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. మందుల చీటీ వెనక్కి తిప్పి, మంచం చివర బల్లమీద వంగి రాశాడు. తెలుగు రాసి ఎన్నేళ్లయిందో. 'వ్యాయామం' దగ్గర పెన్ను ఆగింది, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. మెడమీద నరం ఉబ్బింది. పదిమంది తెల్లకోట్లు ఆయన చేతివైపే చూస్తున్నారు.

పెద్దింట్లమ్మ కాగితం అందుకుని వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. తొందరపడలేదు. "తారీకు లేదండి," అని తిరిగిచ్చింది.

ఆయన తారీకు వేశాడు.

అప్పుడు ఆమె ముడులు విప్పింది. తొమ్మిదీ విప్పింది. చెయ్యి వాలింది.

*

మర్నాడు తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా ఇద్దరూ వరండా చివరికి చేరారు. తలుపుకు తాళం. దైవాధీనం బల్లమీద కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"సునీతమ్మ లేదు. కారొచ్చి తీసుకెళ్లింది."

"పెద్దాయన రాసిచ్చారు." కాగితం చూపించింది.

దైవాధీనం చదివాడు, వెనక్కి ఇచ్చాడు. "ఆయన రాశాడు. కారు చైర్మన్‌ది. నన్నేం చెయ్యమంటావు? మధ్యానం రా."

"తాళమైనా తియ్యి. అందులో రాసి ఉంది, తెరవాలని."

అతను గొణుక్కుంటూ తీశాడు. విరిగిన మంచాలు రెండు పక్కకు జరిపితే ఒక బల్లకు చోటు దొరికింది. వరండాలో గోడకానుకుని ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి గుమ్మం దగ్గరికి వచ్చి తొంగిచూశారు. ఆ తలుపు ఆ వేళప్పుడు తెరుచుకోవడం వాళ్లెవరూ చూడలేదు.

అటువైపు షాబాజ్ వస్తున్నాడు. చేతిలో స్వీట్ల పెట్టె. పరీక్ష పాసయ్యాడు. వార్డంతా పంచుతున్నాడు.

"అమ్మా, బాబాయ్ చలవే. తీసుకోండి."

పెద్దింట్లమ్మ పెట్టెవైపు చూడలేదు. కాగితం అతని ముందు పెట్టింది. "తొమ్మిదయింది. సునీతమ్మ లేదు. మీరు చేయించండి."

"నేనా?" అతను కాగితం చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు రాదమ్మా," అన్నాడు.

"కూర్చోండి."

అతను కూర్చున్నాడు. స్వీట్ల పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె దాన్ని తీసి కిటికీలో పెట్టింది. నాగబాబు చేతిని అతని మోకాలి మీదికి చేర్చింది. అతను వేలి కొన పట్టుకుని పైకి గుంజాడు. నాగబాబు "అమ్మో!" అన్నాడు.

ఆమె డాక్టరు మణికట్టు పట్టుకుని పక్కకు లాగింది. "కొన కాదు. మొదలు. ఈ కణుపు కింద పట్టండి. ఇలా. మణికట్టు వాలనివ్వకండి, మోకాలు ఆనించండి. ఇప్పుడు ఎత్తండి. ఆగింది కదా, అక్కడ గుంజొద్దు, అక్కడే పట్టి ఉంచండి. పది లెక్కపెట్టండి. పైకి లెక్కపెట్టండి, నాకు వినబడాలి."

"ఒకటి. రెండు. మూడు."

"తొందరెందుకు? నిన్న ఇంగ్లీషులో అప్పజెప్పినట్టు కాదు."

అతను నెమ్మదించాడు. మొదటిసారి, రెండోసారి, మూడోసారి. చేతులు మెత్తటివి, వెచ్చటివి. నుదుటిమీద చెమట పట్టింది. ఆరోసారికి కీలులో ఏదో చిన్నగా సడలింది. అతనికి అది వేళ్లలో తెలిసింది. తలెత్తి ఆమెవైపు చూశాడు. ఆమె చూపు వేలిమీదే ఉంది.

తొమ్మిదోసారి ఎత్తుతుండగా గుమ్మంలోంచి ఒక ముసలామె లోపలికి వచ్చింది. కుడిపాదం నేలకు టప్పుమని కొట్టుకుంటోంది. మంచాల కమ్మీలు పట్టుకుంటూ వచ్చి, బల్ల రెండో అంచున కూర్చుని, ఆ కాలిని రెండు చేతులతో ఎత్తి డాక్టరు పక్కన పెట్టింది.

"అయ్యాక నాది కూడా చూడు నాయనా. అవనిగడ్డ నుంచి వచ్చాను. నన్నెరగవా? పోయినేడు నా కాలినీ పరీక్షకి పెట్టారు. మీరంతా ఎత్తి ఎత్తి వదిలారు. ఫుట్ డ్రాపన్నావు నువ్వే."

షాబాజ్ ఆ పాదం వైపు చూశాడు. లోపలికి తిరిగి, బిగిసి, కర్రలా ఉంది. అతని చెయ్యి ఆగిపోయింది.

"ఆపొద్దు," అంది పెద్దింట్లమ్మ. "ఈ వేలికి ఇంకా పదకొండున్నాయి."